కూత వేసిన చోటు

గేటు తయారై మూడు నెలలైంది. అచ్యుతరామారావు మాస్టారు దాన్ని చొక్కా జేబులో వేసుకుని ప్రతి ఆదివారం మా మేడ మెట్లెక్కుతున్నారని, దిగేటప్పుడు మళ్ళీ అదే జేబులో తీసుకుపోతున్నారని నాకు తెలుసు. వెదురు పుల్లలు చెక్కి, ఎరుపూ తెలుపూ రంగులు వేసి చేశారు. వేలెడంత గేటు. దాన్ని పెట్టవలసింది ఉప్పలూరు స్టేషనుకి ఇవతల, కంకిపాడు వైపు నుంచి వచ్చే బండిదారి రైలు పట్టాలను దాటే చోట. నిరుడు మా ఆవిడ పోయింది అక్కడే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నియమం పెట్టింది నేను. పట్టాల మీద ఏముంటే మా బొమ్మ రైలు బల్ల మీదా అదే ఉండాలి. రైల్వే వాళ్ళు ఒక సిగ్నలు పీకితే మేమూ పీకాలి, కొత్త షెడ్డు కడితే మేమూ కట్టాలి. ఆ నియమం తప్పినందుకు వకీలు వీరభద్రరావు గారిని ఒకసారి నానా మాటలూ అన్నాను. ఇప్పుడు అక్కడ గేటు వచ్చింది, గేటు మనిషీ వచ్చాడు. నా బల్ల మీద మాత్రం రాలేదు. మాస్టారు అడిగారు. "ఇప్పుడొద్దు మాస్టారూ" అన్నాను. ఎందుకని ఆయన రెట్టించలేదు.

మాది బెజవాడ వన్‌టౌనులో బట్టల కొట్టు. కింద కొట్టు, వెనక కాపురం, పైన బేళ్ళు దించుకునే గది. ఆ గదిలో సగం బేళ్ళకి, సగం రైలుకి. బెజవాడ నుంచి గుడివాడ దాకా లైను మొత్తం బల్లల మీద పరిచాం. కిరసనాయిలు డబ్బాల రేకు కోసి పట్టాలు వేశాం. చీపురు పుల్లలు తాటిచెట్లు. కొట్టులో మిగిలిన ఆకుపచ్చ ముక్కలన్నీ వరిచేలు. ఇంజను మాత్రం సిసలైనది, యుద్ధానికి ముందు మద్రాసు నుంచి తెప్పించాను. తాళంచెవి తిప్పితే గది చుట్టూ ఒక చుట్టు తిరిగి ఆగుతుంది. వీరభద్రరావు గారు తన హాల్లో కృష్ణ మీది రైలువంతెన కట్టారు గానీ, దాని మీద నడపడానికి ఆయనకి ఇంజను లేదు. యుద్ధంలో సరుకు రావడం ఆగిపోయింది. అందుకని ఒక ఆదివారం నా ఇంజనుని పాత పంచెలో చుట్టి ఆయనింటికి మోసుకెళ్ళేవాణ్ణి, ఇంకో ఆదివారం ఆయన రైలుపెట్టెలు మా ఇంటికి వచ్చేవి. చీరలమ్ముకునేవాడికి రైళ్ళేమిటని మా వాళ్ళలో అడగనివాడు లేడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

మా ఆవిడ కంకిపాడులో చెల్లెలింట్లో శుభకార్యానికి వెళ్ళి, తిరిగి రావడానికి ఉప్పలూరులో రైలెక్కాలని ఎడ్లబండిలో బయల్దేరింది. వాళ్ళు ఎక్కవలసిన రైలు ఇంకా రాలేదు. బెజవాడ నుంచి బందరు వెళ్ళే రైలు వచ్చింది. బండి తోలినవాడు దూకి బతికాడు. వాడు అందరితోనూ ఒకటే మాట చెప్పాడు: "ఇంజను కూత వెయ్యలేదు."

విచారణకి మా బావమరిది వెళ్ళొచ్చాడు. "డ్రైవరు తప్పు లేదని తేల్చారు బావా" అన్నాడు. రైల్వే వాళ్ళు రైల్వే వాణ్ణి తప్పుపడతారా అన్నాడు కూడా. డ్రైవరెవరని నేను అడగలేదు. అసలు ఏదీ అడగలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, మనిషినంతా అలా అయ్యాను. కర్మకాండ చేయించాను, కొట్టు తెరిచాను, గజాలు కొలిచాను, నవ్వవలసిన చోట నవ్వాను. రెండో నెలలో మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాను. నా ఇంజను ఆ చోటు దాటి వెళ్ళింది. చూశాను. ఏమీ కాలేదు. పెళ్ళాం పోయినా రైలాట మానలేదని వీధిలో అన్నారు. లోకులు కాకులు, అననిమ్మన్నాను.

లోపల ఒక్కటే మిగిలింది. ఆ రోజు కూత వేశాడా, లేదా? వెయ్యకపోతే నాకు తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. వాణ్ణి తలుచుకుని పళ్ళు కొరుక్కోవచ్చు, వాడి వంశాన్ని శపించవచ్చు. అదైనా వస్తే కాస్త ప్రాణమున్నట్టు ఉంటుందనిపించేది. కానీ వెళ్ళి అడగడానికి కాళ్ళు రాలేదు. గేటు పెట్టనివ్వకపోవడానికి కారణం కూడా అదే. గేటు పెడితే అక్కడి సంగతి ముగిసిపోయినట్టు. నాకు ఇంకా తేలలేదు.

యుద్ధం ముగిసిన మూడో ఏడు ఎండాకాలంలో మాస్టారికి కొత్త తిక్క పుట్టింది. మన రైలు నడక నిజం రైలు నడకలా లేదు, ఏ వంపులో ఎంత తగ్గిస్తారో, ఎక్కడెక్కడ కూత వేస్తారో తెలుసుకోవాలన్నారు. అని ఊరుకోలేదు. నాకు చెప్పకుండా ఇంజన్ల షెడ్డుకి వెళ్ళి, బందరు ప్యాసింజరు ఎక్కువ కాలం నడిపిన డ్రైవరెవరని విచారించారు. ఇంకెవరైనా అయితే ఆ షెడ్డు గుమ్మంలోనే ఆగి, ఆ ప్రశ్న ఎవరి దగ్గరికి తీసుకెళ్తుందో ఆలోచించేవారు. ఆయన లెక్కల మాస్టారు. పైగా రైలు పిచ్చివాడు. ఆయనకి ఆ లైనంటే వంపులూ, సిగ్నళ్ళూ, టైమూ. వాళ్ళు పేరు చెప్పారు, ఆయన వెళ్ళి పిలిచారు.

"వెంకటప్పయ్య గారూ, ఎవర్ని తీసుకొచ్చానో చూడండి" అంటూ ఆ ఆదివారం సాయంత్రం మెట్లెక్కారు. వెనకాల పొడుగాటి మనిషి. తెల్లచొక్కా, ముంజేతుల మీద బొగ్గు నిప్పులకి కాలిన మచ్చలు. చెప్పులు మెట్ల మీదే విడిచి వచ్చాడు. "జీవరత్నం గారండీ. బందరు ప్యాసింజరు ఈయన చేతిలో పెరిగిందట. ఇప్పుడు తెనాలి వైపు చేస్తున్నారు" అన్నారు మాస్టారు. మా అమ్మ కింద నుంచి కాఫీ పంపింది. మాకు ఇత్తడి గ్లాసుల్లో, ఆయనకి గాజు గ్లాసులో. ఆయన రెండు రకాల గ్లాసులూ చూశాడు, తాగాడు.

తర్వాత బల్ల చూడమన్నాం. ఇంత మంది వచ్చి చూశారు గానీ, ఎవరూ ఆయన చూసినట్టు చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు పట్టాల ఎత్తుకి తెచ్చుకున్నాడు. ఇంజనులోంచి చూసినట్టు చూశాడు. వేలు తగలనివ్వకుండా పట్టాల వెంట పోనిస్తూ, "రామవరప్పాడు. ఇది నిడమానూరు. ఇక్కడ కాలవ ఇంకొంచెం దగ్గరికి రావాలండి" అన్నాడు. మాస్టారు ఆనందం పట్టలేక రూళ్ళకర్ర తీసుకున్నారు. జీవరత్నం వేలు తాటిచెట్ల దాకా వచ్చి ఆగింది.

"ఇక్కడ గేటు పెట్టారంటండి ఇప్పుడు. మీరు పెట్టలేదు" అన్నాడు.

మాస్టారి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. నా మొహం చూసి దించేశారు. మాట మార్చాలనుకున్నారు కాబోలు, మార్చబోయి సరిగ్గా అందులోనే పడ్డారు. "గేటు లేనప్పుడు మీరు కూత ఎక్కడ్నుంచి వేసేవారండీ? ఎన్ని గజాల ముందు?" అని రూళ్ళకర్ర పట్టాల పక్కన ఆనించారు.

జీవరత్నం మోకాళ్ళ మీదే ఉండి ఒక చెట్టు చూపించాడు.

"ఈ మూడో తాటిచెట్టు దగ్గర్నుంచండి. ఎప్పుడూ అక్కడ్నుంచే. ఆ రోజు కూడా."

"ఏ రోజండీ?" అన్నారు మాస్టారు. అన్నాక అర్థమైంది. రూళ్ళకర్ర పట్టాల పక్కన అలాగే ఉండిపోయింది. మాస్టారి మొహం చూడలేక నేను కిటికీ వైపు చూశాను.

"చెప్పండి" అన్నాను. గిరాకీతో ఏ రకం కావాలని అడిగే గొంతుతోనే అన్నాను.

"నిరుడు ఇక్కడ ఒక బండిని కొట్టానండి" అన్నాడు. "కూత వేశాను, పొడుగ్గా వేశాను. ఎడ్లు ఆగలేదు. పట్టాల మీదికి ఎక్కుతుంటే మళ్ళీ పట్టుకున్నాను కూత గొలుసు. బ్రేకు వేశానండి. వేసిన చోట ఆగదు గదండీ రైలు. అదలా పోతానే ఉంది, నేను కూత వేస్తానే ఉన్నాను. అంతా అయిపోయి రైలు ఆగినాక కూడా వదల్లేదంట. ఫైర్‌మన్ వచ్చి నా వేళ్ళు ఒక్కోటే ఊడదీశాడు."

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. బండివాడికి కూత వినబడకపోవడమూ నిజమే అయ్యుంటుంది. కానీ ఇరవై ఏళ్ళుగా కొట్టులో కూర్చున్నవాణ్ణి, అబద్ధం చెప్పే గొంతు నాకు తెలుసు. ఇది ఆ గొంతు కాదు. ఏడాదిగా మొహం లేని ఒక మనిషిని దాచుకున్నాను, ఎప్పుడో ఒకనాడు తిట్టుకుందామని. వాడికి మొహం వచ్చింది, వచ్చి నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. తిట్టడానికి ఏమీ లేకుండా పోయింది. నాకు మిగిలిన ఆ ఒక్క మనిషీ పోయాడు. అయినా లోపల ఏమీ కదలలేదు. దాహంగా మాత్రం అనిపించింది.

"వేశారన్నమాట" అన్నాను.

"వేశానండి." లేచి పంచె దులుపుకున్నాడు. పోబోతూ ఆగి నన్నూ మాస్టారినీ చూశాడు. "తమరు ఈ లైను సంగతంతా ఎరిగినోళ్ళు. ఆ బండిలో ఆవిడెవరో ఏమన్నా తెలుసా అండీ? మర్నాడే నన్ను ఇక్కణ్ణుంచి మార్చేశారు. ఆళ్ళ ఊరు పోవద్దు, గొడవలవుతాయన్నారు పెద్దోళ్ళు. విచారణలో వేగం అడిగారు, బ్రేకు అడిగారు, కూత అడిగారు. ఆవిడ పేరు ఎవరూ అనలేదు. బండిలో ఆడమనిషి అన్నారంతే. రోజూ ప్రార్థనలో ఆవిణ్ణి తలుచుకుంటానండి, పేరు లేకుండానే. ప్రభువుకి తెలుసులే అంటది మా ఇంటిది తెరేసమ్మ. ఆయనకి తెలుసు గానీ నాకు తెలియదు గదండీ."

"పదండి జీవరత్నం గారూ, చీకటి పడుతోంది" అన్నారు మాస్టారు, ఆయన మోచెయ్యి పట్టుకుని.

నేను కదల్లేదు. చెప్పకూడదనుకున్నాను. ఆ మనిషికి నా దగ్గర కావలసిందంటూ ఉంటే ఆ ఒక్క పేరే. అది ఇవ్వకుండా పంపడం నా చేతిలో ఉంది. కూత వేసినందుకే పంపేయాలనిపించింది. వెయ్యకుండా ఉంటే నేనెంత సుఖంగా ఉండేవాణ్ణో ఆయనకేం తెలుసు? పేరు లేకుండానే ప్రార్థించుకోనీ. నేను ఏడాది ఎలా ఉన్నానో అలా ఉండనీ.

ఆయన మెట్ల దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాలు పెట్టాడు. తలుపు దాకా ఎలా వచ్చానో తెలియదు, నేనూ అక్కడే ఉన్నాను. చెబుదామని నోరు తెరిస్తే పేరు రాలేదు. మరిచిపోయి కాదు. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరు నా నోట ఎప్పుడూ పలకలేదు. మా అమ్మ పేరూ అదే. తల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని పిలిచే మగాడు మా ఇళ్ళల్లో లేడు. అమ్మ ఆమెను అమ్మాయ్ అనేది, నేను ఇదుగో అనేవాణ్ణి. ఆమె నవ్వి, "ఇదుగో అంటే ఎవరు, ఊళ్ళో ఎంతమంది ఇదుగోలున్నారు" అనేది. పేరుతో ఒక్కసారి పిలవమని అడిగింది కూడా, పెళ్ళయిన కొత్తలో. అమ్మ వింటుందన్నాను.

"హనుమాయమ్మ" అన్నాను.

అలవాటు లేని మాట, ఎంత గట్టిగా అనాలో తెలియలేదు. ఇల్లంతా వినబడింది.

కింద వంటింట్లో చప్పుడు ఆగింది. అమ్మ మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడింది. కొడుకు నోట తన పేరు విని భయపడిందో ఏమో, "ఎవర్ని పిలుస్తున్నావురా?" అంది.

"నీ కోడల్ని, అమ్మా."

మాస్టారు గోడకి తిరిగి నిలబడ్డారు. జీవరత్నం నన్ను చూశాడు, కింద అమ్మను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. దండం పెట్టబోతే చేతులు కలవలేదు. గోడ పట్టుకుని అలాగే మెట్టు మీద కూలబడ్డాడు. క్షమించమని అనలేదు. అని ఉంటే మెట్ల మీంచి తోసేసేవాణ్ణేమో. తల వంచుకుని, మరిచిపోతానేమోనన్నట్టు నెమ్మదిగా, "హనుమాయమ్మ గారు" అన్నాడు.

ఆమెను ఎవరైనా గారు అనడం నేను వినలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. ఎవరి మీదో తెలియని కోపం గొంతు దాకా వచ్చి, అక్కడ ఏడుపైపోయింది. అమ్మ ముందు, మాస్టారి ముందు, ఆ మనిషి ముందు ఏడ్చాను. నిలబడడం చాతకాక అతని పక్కనే, అదే మెట్టు మీద కూర్చున్నాను.