సైరన్ ఊరుకున్న రోజు

మా కోల్డ్ స్టోరేజీలో చల్లదనానికి వాడే అమోనియా గ్యాస్ లీకైతే సైరన్ మోగాలి. గ్యాస్‌ను కొలిచే ప్రోగ్రాం నాది. అది తన గోడునంతా ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఆ రాతలతో డిస్కు నిండిపోయి సిస్టమ్ మొరాయించేసరికి మేనేజరు పొద్దున్నే నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ఆ ఫైలు ఎక్కడ రాయాలో మనమే సెట్టింగ్స్‌లో చెప్పుకునేలా చెయ్యమ్మా. కొత్త డిస్కు పెట్టించాను."

పని చిన్నదే, చేసేశాను. అయినా మనసొప్పక అడిగాను. "పాత చోట ఉన్న ఫైలును ఇంకే ప్రోగ్రామైనా చదువుతోందేమో చూడనా సార్? ఒక్క పూట చాలు."

"ఆ సోది ఎవరు చదువుతారమ్మా! గోరంతది కొండంత చెయ్యకు."

ఒళ్లు మండింది. సరే, ఆయన ఖర్మ అనుకున్నాను. కొత్త చోటు ఆయనే టైపు చేసి, చేతులు దులుపుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. వాడు మా దగ్గరే కంప్రెసర్ మెకానిక్కు.

"అక్కా, పొద్దుట్నుంచీ సైరన్ కిక్కురుమనలేదు. ఏం మందు పెట్టావు దానికి?"

"రోజూ మోగుతుందా ఏంటి?"

"పైపు దగ్గినా మోగుతుంది. ఇవాళే హాయి. మాస్కు గోల లేకుండా లోపల వాల్వు పని కానిచ్చేస్తా."

వాళ్ల అలవాటది. సైరన్ మోగితే మాస్కు, మోగకపోతే ఉత్త ముఖం. నా పళ్లెంలో మిగిలింది కూడా లాగించేసి వాడు వెళ్లిపోయాడు. నవ్వాను గానీ, ఏదో గుబులు పట్టుకుంది. రోజూ అరిచేది ఇవాళే ఎందుకు ఊరుకుంది?

సీటుకొచ్చి కొత్త డిస్కులో లాగ్ తెరిచాను. వాల్వు దగ్గర గ్యాస్ పెరుగుతోంది, ప్రమాదం అని వరసపెట్టి ఉంది. చూస్తుండగానే ఇంకోటి చేరింది. సైరన్ మోగించే ప్రోగ్రాం వేరే, ఎప్పుడో మానేసి పోయినవాడు రాసింది. అది తెరిచి చూశాను. 'ప్రమాదం' అన్న మాట కోసం అది ఇంకా పాత చోట ఉన్న ఫైల్లోనే వెతుకుతోంది. అక్కడ కొత్తగా ఏమీ రాకపోతే అంతా బాగుందనుకుంటుంది.

తమ్ముడికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేస్తూనే పరిగెత్తాను.

కంప్రెసర్ గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. తలుపు బయట బల్ల మీద వాడి ఫోను 'అక్క' అని చూపిస్తూ మోగుతోంది. పైన మేకుకి వాడి మాస్కు వేలాడుతోంది. తలుపు సందులోంచి ఘాటు వాసన వచ్చి కళ్లు మండించింది.

"ఒరేయ్, బయటికి రారా!" అని గొంతు చించుకున్నాను. మాస్కు లాక్కుని, ఎంత తోసినా తెరుచుకోని తలుపు మీద బాదాను. లోపలి నుంచి పలుకు లేదు. ఆ ఆవరణ మొత్తంలో అరుస్తున్నది నేనొక్కదాన్నే.