దూలం దగ్గర తప్పిన గీత

రామ్మోహన్‌కి కెమెరా కంటే దాన్ని నిలబెట్టే సామాను మీదే పట్టింపు ఎక్కువ. మస్కట్‌లో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం, సెలవు రోజుల్లో పాత కట్టడాల ఫోటోలు. బహ్లా అనే పాత ఊళ్లో ముఖీత్ అనే ఆయన ఇంట్లో, వాళ్ల తాత రంగులు వేసిన చెక్క పైకప్పుకి చెదలు పట్టింది. దాన్ని విప్పేసి, కొత్త చెక్కల మీద ఫోటోలు చూసి అదే బొమ్మ గీయించాలని ఆయన ఆశ. విప్పితే పాత చెక్క పొడిపొడి అవుతుంది. ఫోటోలు తప్పితే ఆ పైకప్పు ఇక లేనట్టే.

అందుకని రామ్మోహన్ ట్రైపాడ్‌కి కొత్త హెడ్, అంటే పైన కెమెరా బిగించే భాగం, కొనడానికి రూవి బజారుకి వెళ్లాడు. దుకాణదారు కమ్రాన్ గుండు మీద ఎటైనా తిరిగే బాల్ హెడ్ ఒకటి తీసి, పది కిలోలు మోస్తుందన్నాడు.

"మోయడానికేం, గాడిదా మోస్తుంది. ఆపినచోట ఆగాలి" అన్నాడు రామ్మోహన్.

కెమెరా బిగించి, రోడ్డవతలి బోర్డు మీద ఒక అక్షరాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చి మర తిప్పాడు. బిగుసుకుంటూనే అక్షరం ఓ వెంట్రుకవాసి జారింది. ఇంకో రెండు హెడ్లదీ అదే వరస. చివరికి కమ్రాన్ విసుక్కుంటూ గేర్ హెడ్ దించాడు. దానికి మూడు మరలు, ఒక్కో మర ఒక్కో వైపే తిప్పుతుంది, వదిలినచోట అలాగే నిలబడుతుంది. బరువు మాత్రం రుబ్బురోలు పొత్రమంత. దాని మీద అక్షరం కదల్లేదు, అదే కొన్నాడు.

ఇంట్లో శేషుకుమారి దానికి గంధం, కుంకుమ పెట్టింది. పెట్టింది కూడా ఎక్కడ, సరిగ్గా కెమెరా కూర్చునే పళ్లెం మీద. భార్య పెట్టిన బొట్టు తుడిచే ధైర్యం ఏ మొగుడికుంటుంది? రామ్మోహన్ దాని మీదే కెమెరా బిగించుకుని బహ్లా వెళ్లాడు.

వరస తప్పకుండా నేల మీద తాడు లాగి కట్టాడు. దూలానికీ దూలానికీ మధ్య ట్రైపాడ్ నిలిపి, కెమెరాని నిట్టనిలువుగా పైకి తిప్పి, ఆ దూలాల నడుమ ఉన్న ఒక్కో అరనీ విడిగా ఫోటో తీశాడు. మధ్యాహ్నం లాప్‌టాప్‌లో అన్నీ పక్కపక్కన చేర్చి చూశాడు. బొమ్మ అంచు వెంబడి వెళ్లే ఎర్రగీత ఒక దూలం దగ్గర తెగి, అవతల వేలెడు పక్కకి మొదలైంది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"నీ గంధం ఎండి పెచ్చులు కట్టింది. కెమెరా ఒరిగిపోయింది."

"మిగతావన్నీ కూడా ఆ గంధం మీదే తీశారు కదండీ. అవన్నీ బానే ఉండి, ఆ ఒక్కచోటే ఒరిగిందా?" అంది శేషుకుమారి.

రామ్మోహన్ ఫోన్ పెట్టేశాడు. పళ్లెం శుభ్రంగా కడిగి ఆ రెండు అరలూ మళ్లీ తీశాడు. గీత మళ్లీ అక్కడే, అంతే తప్పింది.

తెల్లారితే వడ్రంగులు పైకప్పు విప్పుతారు. కంప్యూటర్‌లో ఆ ముక్కని కాస్త పక్కకి లాగితే పని అయిపోతుంది. లాగాడు. గీత చక్కగా కలిసింది, కానీ రామ్మోహన్‌కి మనసొప్పలేదు. ఇంత వెతికి ఆ హెడ్ కొన్నది, అది చూపించేది నమ్మడానికే కదా అనుకుని ముక్కని మళ్లీ వెనక్కి జరిపాడు.

ముఖీత్ కాఫీ, ఖర్జూరాలు తెచ్చి పక్కన కూర్చున్నాడు. రామ్మోహన్ స్క్రీన్ చూపించి హిందీలో అడిగాడు.

"మీ తాతగారి గీత ఇక్కడ తప్పింది. కొత్తదానిలో సరిచేయించమంటారా?"

ముఖీత్ వంగి చూశాడు. తర్వాత తెగిన చోట వేలు పెట్టాడు.

"తాత గీత తప్పలేదు. ఇక్కడిదాకా వేసి నిచ్చెన మీంచి పడ్డాడు. చెయ్యి మళ్లీ లేవలేదు. అవతలి సగమంతా మా నాయనమ్మ వేసింది. బయట ఎవరికీ చెప్పలేదు, ఇంటికొచ్చినవాళ్లంతా తాతనే మెచ్చుకునేవాళ్లు. అది ఆవిడ చెయ్యి అని తెలిసేది ఈ ఒక్కచోటే."

రామ్మోహన్ స్క్రీన్ మీది ఆ గీత వంక చూశాడు. ఇందాక ముక్కని పక్కకి లాగి, కాసేపు ఆవిణ్ణి ఆ ఇంట్లోంచి తీసేసింది తనే.