చచ్చి వచ్చిన ధన్‌జీకి ముహూర్తం

వాకిట్లో ఉప్పు వాసన.

అంగీ ఎంత ఉతికినా పోలేదు. ధన్‌జీ వచ్చి మూడు రోజులైంది — ఇల్లంతా అతని అంగీ వాసన, సముద్రం వాసన.

గొడవ కూడా మూడు రోజులదే.

"కర్మ చేసేసిన మనిషికి వంటింట్లో పీట వేస్తానా?" అంది తల్లి.

"చచ్చినవాడికి ఆకలెయ్యదా, అమ్మా?" గడప బయట కూర్చున్న కొడుకు.

"పిండం పెట్టాను గదరా!"

"అది కాకి తిన్నది!"

భార్య మోంఘీ గడప మీదుగా సజ్జరొట్టె జరిపింది.

మాండ్వీ రేవు ఓడలన్నీ తిరిగొచ్చాయి. అతనిది రాలేదు. మస్కట్ దారిలో మునిగిందన్నారు. పన్నెండో రోజు కర్మ చేశారు. మోంఘీ గాజులు తీసేసింది.

ఏడు నెలలకు వచ్చాడు — గడ్డంతో, ఎవరిదో అరబ్బు అంగీతో, ఆకలితో.

ఖాళీ నీళ్ల పీపా పట్టుకుని అయిదు రోజులు తేలాడట. పొద్దున చెప్పినప్పుడు సొరచేప ఒకటి. మధ్యాహ్నానికి మూడు. పక్కింటివాళ్లు వచ్చేసరికి ఏడు — అందులో ఒకటి ముసలిది, పళ్లు లేనిది.

పీపాకు అటువైపు పట్టుకున్న తోటి ఓడవాడు కర్సన్ చేయి జారిన సంగతి ఒక్కసారే చెప్పాడు.

అది పెరగలేదు.

పురోహితుడు వచ్చి దారి చెప్పాడు. ధన్‌జీ మళ్లీ పుట్టాలి. ఉయ్యాలలో పడుకోవాలి. పేరు పెట్టించుకోవాలి. ఆపైన మోంఘీనే మళ్లీ పెళ్లాడాలి. అప్పుడే బతికినట్టు.

"కాళ్లు ఉయ్యాల్లో పట్టవేమో..."

"ముందా గడ్డం గీసుకోరా, పురిటిబిడ్డవి!" అంది తల్లి.

"తొందరగా కానివ్వండి స్వామీ," అన్నాడు ధన్‌జీ. "శ్రావణ పున్నమికి సముద్రానికి కొబ్బరికాయ కొట్టగానే ఓడలు కదులుతాయి. చచ్చినవాణ్ణి ఏ సరంగూ ఓడెక్కించుకోడు."

మోంఘీ చేతిలో రొట్టె ఆగింది.

చచ్చినవాణ్ణి ఓడెక్కించుకోరు...

మొదటి పెళ్లికి ఆమెను ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్లది. పీటల మీదే నిద్రపోయింది.

ఈసారి పురోహితుడు అడిగాడు. "నీకు సమ్మతమేనా, అమ్మా?"

అత్త చూసింది. మరిది, తోడికోడలు చూశారు. గడప బయట ధన్‌జీ కొత్త పెళ్లికొడుకులా తల దించుకున్నాడు — గడ్డం సర్దుకుంటూ.

మోంఘీ పెనం మీద రొట్టె తిరగేసింది.

"సమ్మతమే," అంది మెల్లగా, అందరికీ వినపడేలా. "కానీ ఈ ఏడాదికి ఆయన్ని పోయినవాళ్లలోనే ఉండనివ్వండి."

పురోహితుడు పంచాంగం మూసేశాడు.

గడప మీదుగా రొట్టె జరిగింది. దాని మీద ఇవాళ నెయ్యి, బెల్లం.

ధన్‌జీ రొట్టె వైపు చూశాడు. రేవు వైపు చూశాడు. మళ్లీ రొట్టె వైపు...

గాలి తిరిగింది.

వాకిట్లో ఉప్పు వాసన.