తెరచాటు మాట

మా ఇంట్లో మతి మా ఆవిడది, మరుపు నాది. రెండూ కలిస్తేనే సంసారం. నాటకాల్లో నేను హాస్యగాణ్ణి. గొంతు పెద్దది, గుర్తు చిన్నది. స్టేజి మీద మాట మర్చిపోతే ఎడమ చెవి పట్టుకునేవాణ్ణి. పక్క తెర వెనక పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆవిడ, నా ఒక్కడికే వినబడేలా మాట అందించేది. జనం ఆ చెవి పట్టుకోవడమే హాస్యమనుకుని ఈలలు వేసేవాళ్లు. అలా మాటలు అందించి అందించి, ఒకరోజు చెయ్యి కూడా అందించింది.

నాటకాలు పోయాయి. ఈమధ్య పాత్రలు తారుమారయ్యాయి. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి “అదేనండీ, ఆ... కలిపేది...” అంటే “గరిటె” అని నేను అందించడం. పక్కింటావిడ పేరూ నేనే, రేపు ఏ వారమో కూడా నేనే. మా వంతులు మారాయి, అంతే అనుకున్నాను. మా అమ్మాయి ఊరుకోలేదు.

“నాన్నా, నువ్వు నోరు మూసుకుంటే గానీ అమ్మకేమైందో తెలీదు” అని, జ్ఞాపకశక్తి పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకుంది.

పరీక్ష గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. గోడకు క్యాలెండర్ లేదు, అది ఉండే చోట మేకు మాత్రం ఉంది. పరీక్ష చేసే అమ్మాయి ఐదు మాటలు చెప్పింది. “గొడుగు, నిమ్మకాయ, తాళం, రైలు, అద్దం. గుర్తుపెట్టుకోండి పిన్నిగారూ, మళ్లీ అడుగుతాను. ఇప్పుడు చెప్పండి, ఇవాళ ఏ వారం?”

ఆవిడ మేకు వైపు చూసింది. నేను “గురువారం” అని గుసగుసలాడాను. నా గుసగుస అంటే హాల్లో చివరి వరుసది. వరండాలోంచి ఎవరో “అవునండీ, గురువారమే!” అన్నారు.

ఆ అమ్మాయి నవ్వింది, నవ్వు ఆపుకుని అంది. “బాబాయ్‌గారూ, మీరిలా అందిస్తే మార్కులు మీకొస్తాయి, పిన్నిగారికి అందాల్సిన వైద్యం అందదు. ఇది మొదట్లోనే పట్టుకోవాలి. మూల కూర్చుంటారా, బయట కూర్చుంటారా?”

మూలే నయమనుకున్నాను.

వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటే ఆవిడ “అంత చిల్లరెందుకమ్మా, వందా నువ్వే ఉంచుకో” అంది. హమ్మయ్య, చమత్కారం పోలేదు! గడియారం బొమ్మ వేసింది. ముళ్లు కొంచెం అటూ ఇటూ అయ్యాయి.

“ఇందాకటి ఐదు మాటలు చెప్పండి.”

“గొడుగు... నిమ్మకాయ... రైలు... అద్దం.”

ఆగిపోయింది. నా వైపు తిరిగింది. మెల్లగా చెయ్యెత్తి, ఎడమ చెవి పట్టుకుంది.

ఆ చెవి పట్టుకునేది ఎప్పుడూ నేను. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా తెర వెనక కూర్చుని, ఒక్క మాట కూడా కింద పడనివ్వలేదు ఆవిడ. ఇప్పుడు తాళం నా నోట్లోనే ఉంది. దాన్నే నోటికి వేసుకున్నాను.

“తలుపుకు వేస్తాం పిన్నిగారూ” అని సూచన ఇచ్చింది ఆ అమ్మాయి.

“గొళ్లెం” అంది ఆవిడ.

చివర్లో ఆ అమ్మాయి నాతో “మతిమరుపు జబ్బుకు ఇది మొదలు కావచ్చు. ఇంకా పరీక్షలు చేయాలి. త్వరగా తీసుకొచ్చారు, మంచిపని” అంది.

మెట్లు దిగుతున్నాం.

“చెవి పట్టుకున్నాను కదండీ?”

“చూశానే.”

“మరి అందించలేదేం? నేనెప్పుడైనా మిమ్మల్నలా వదిలేశానా?”

నవ్విద్దామని పాత దొంగ వేషం గొంతు ఎత్తుకున్నాను. “అయ్యా, తలుపు తీసి ఉంది కాబట్టి అతిథినయ్యాను...” ఆ తర్వాతి మాట రాలేదు. నటన కాదు, నిజంగానే రాలేదు. చెయ్యి దానంతటదే చెవి మీదికి పోయింది.

ఆవిడ నా వైపు చూడను కూడా లేదు. నా ఒక్కడికే వినబడేలా అంది.

“తాళం వేసి ఉంటే దొంగనయ్యేవాణ్ణి.”

మెట్టు మీదే ఆగిపోయాను. పైకి పరిగెత్తి ఆ అమ్మాయిని పిలుచుకొద్దామనిపించింది.

“ఏంటండీ, మళ్లీ మర్చిపోయారా?” అంటూ ఆవిడ నా చెవి మీది చెయ్యి తీసి పట్టుకుని, మిగతా మెట్లు దింపింది.