లారీ నిలబడ్డ చోటే బోరు

ఛీ అనడానికి కూడా ఒక హద్దుంటుంది. మా అన్నయ్య ఆ హద్దు దాటి చాలా దూరం వెళ్లిపోయాడు.

నిజానికి భూకంపం పెద్దదేం కాదు. మా ఇల్లు రాతి గుట్ట మీద ఉంది. స్టవ్ మీద గిన్నె మూత గలగలలాడింది, అంతే. మా వదిన పనిచేసే స్కూల్లో కూడా, గేటు పక్కనున్న ముందు బ్లాకులో డస్టరైనా కింద పడలేదు. అదే ఆవరణలో వెనక బ్లాకులో మాత్రం బీరువాలు బోర్లాపడ్డాయి, నల్లబల్ల ఊడి బెంచీల మీద పడింది, మెట్ల పక్క గోడ నిలువునా పగిలింది. సెలవు రోజు కాబట్టి సరిపోయింది. వదిన ఆ బ్లాకులోనే ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది.

మర్నాడు వదిన వెంట నేనూ వెళ్లాను. మట్టి పరీక్షల ల్యాబులో పని నాది, చూడకుండా ఉండలేను. వదిన తరగతి గదిలో నేల చీలి, ఆ చీలికలోంచి నల్లటి నీళ్లూ ఇసకా పైకి తన్నుకొచ్చాయి. బుల్లి బెంచీల కాళ్ల చుట్టూ బురద. అందులో కుళ్లిన గుడ్డపీలికలు, ఎప్పటివో ప్లాస్టిక్ సంచులు, మురుగు కంపు. ముక్కు మూసుకుని వంగి చూశాను.

ఒకప్పుడు అక్కడ ఇటుకలవాళ్లు మట్టి తవ్వుకుపోయిన పెద్ద గొయ్యి ఉండేదట. అందులో ఊరి చెత్తా, కూల్చిన ఇళ్ల శిథిలాలూ పోసి, పైన కాస్త ఎర్రమట్టి పరిచి చదును చేశారు. ముందు బ్లాకు కింద రాయి, వెనక బ్లాకు కింద చెత్త. గిన్నెలో నీళ్లు పోసి ఒకసారి తట్టి చూడండి. గిన్నె వెంటనే ఆగిపోతుంది. నీళ్లు మాత్రం ఆ అంచుకీ ఈ అంచుకీ కొట్టుకుంటూ ఊగుతూనే ఉంటాయి. వదులు నేలా అంతే. కింద రాయిలో వచ్చిన చిన్న కుదుపును పట్టుకుని, పెద్దది చేసి, ఇంకా ఎక్కువసేపు ఊపుతుంది.

స్కూలు కట్టకముందు ఆ స్థలంలో మట్టి పరీక్షకు బోర్లు వేసి, నేల గట్టిదని చెప్పింది ఎవరో కాదు, మా అన్నయ్యే. బోరు లారీ అతనిది.

"ఆ చెత్తంతా నీ బోర్లలో ఎలా దొరకలేదు?" అని ఇంటికి రాగానే అడిగాను.

"దొరకడానికి అక్కడ వేస్తేగా!" అని నవ్వాడు, కాళ్లు టీపాయ్ మీద పెట్టుకుని. "మొదటిరోజే లారీ చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయే. ట్రాక్టరు పెట్టి లాగేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇక బోర్లన్నీ గేటు పక్కనే వేసేశాం. లారీ నిలబడ్డ చోటే బోరు. అందరూ చేసేదే."

"లారీయే దిగబడిన నేల మీద బడి ఎలా నిలబడుతుందనుకున్నావు?"

"ఇన్నాళ్లూ నిలబడలేదా ఏంటి? నీకు ప్రతిదానికీ రాద్ధాంతమే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా కుదుపులు రావొచ్చని రేడియోలో చెబుతూనే ఉన్నారు. రేపోమాపో వదినా, ఆమె వెనక ఆ పసిపిల్లలూ మళ్లీ ఆ గదిలోకే వెళ్లాలి. "స్కూలువాళ్లు తల్లిదండ్రులకు పెడుతున్న మీటింగులో ఈ మాట నువ్వే చెప్పు. లేకపోతే నేను చెబుతా" అన్నాను.

"చెబుతాలేవే, నా బుర్ర తినకు" అన్నాడు.

మీటింగుకి కుర్చీలు ఎక్కడ వేశారనుకున్నారు? ముందు బ్లాకులో! వెనక బ్లాకు పగుళ్లకు అప్పటికే లప్పం పూసి రంగేసేశారు. స్కూలు యజమాని పెద్దమనిషి ఫోజు పెట్టి లేచాడు.

"ఒకే ఆవరణ, ఒకే భూకంపం. ఇక్కడ ఏమీ కాలేదంటే నేల గట్టిదనేగా? అక్కడ బీరువాలు సరిగ్గా పెట్టలేదు, అంతే. రేపట్నుంచి క్లాసులు మామూలే."

తల్లిదండ్రులంతా మా అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య గొంతు సవరించుకుని, "మేం వేసిన బోర్లన్నిట్లోనూ రాయే తగిలిందండీ" అన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. నాకు అసహ్యం వేసింది అందుకే.

నేను లేచి, బోర్లు ఎక్కడ వేశారో, ఎందుకు వేశారో అంతా చెప్పాను. "అమ్మా, మీ అన్నాచెల్లెళ్ల గొడవలు ఇంట్లో చూసుకోండి" అన్నాడు యజమాని. ముందు వరసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆమెను చూసి మిగతావాళ్లూ నవ్వారు. వదిన నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది.

అప్పటికే బయటికొచ్చేసిన అన్నయ్య వరండా చివర హెడ్మాస్టరుతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మమ్మల్ని చూసుకోలేదు.

"సార్, మా పాప వెనక బ్లాకులో మూడో తరగతి కదా. ముందు బ్లాకు సెక్షనుకి మార్చండి. దానికి దుమ్ము పడదు."

దుమ్ము పడదట, నా తలకాయ! పొద్దస్తమానం మట్టిలో దొర్లే పిల్ల అది.

వదిన తిన్నగా వెళ్లి అతని ముందు నిలబడింది. "పాపని మార్చమంటున్నారా? మరి నేనూ ఆ వెనక బ్లాకులోనేగా ఉండేది. నా సంగతేంటండీ?"

అన్నయ్య అటూ ఇటూ చూసి, ఆమెను పక్కకి లాగి, "ఇద్దర్నీ మార్చమంటే అనుమానం రాదూ? కొన్నాళ్లు ఓపిక పట్టు, తర్వాత చూద్దాం" అన్నాడు.

అతని మొహం చూడబుద్ధి కాలేదు నాకు. తోడబుట్టినవాడని చెప్పుకోవడానికే రోత పుట్టింది.

వదిన అరవలేదు, ఏడవలేదు. మీటింగు గదిలోకి తిరిగి వెళ్లింది. అందరూ కుర్చీల్లోంచి లేస్తున్నారు.

"ఒక్క నిమిషం కూర్చోండి" అంది, ఒకటో తరగతి పిల్లలకి చెప్పినట్టు. అందరూ కూర్చున్నారు. "ఈ నేల పరీక్ష చేసింది మా ఆయన. ఇప్పుడే మా పాపని వెనక బ్లాకు నుంచి తీసి ముందు బ్లాకులో వెయ్యమని అడిగారు. నన్ను మాత్రం అక్కడే ఉండమన్నారు, మీకు అనుమానం రాకూడదని. ఇక మీ పిల్లల్ని ఎక్కడికి పంపుకుంటారో మీ ఇష్టం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇందాక నవ్విన ఆవిడే మొదట లేచింది. "మావాడు రేపు రాడు" అంది. ఆ వెనక ఇంకొకరు, ఆ పైన గదంతా లేచింది. యజమాని "కూర్చోండి, కూర్చోండి" అంటున్నా వినేవాళ్లు లేరు.

అన్నయ్య గుమ్మంలో తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. హెడ్మాస్టరుకి ఏం చెయ్యాలో తోచలేదు. "మరి మీ పాపని మార్చమంటారా, వద్దంటారా?" అని అడిగాడు.

అన్నయ్య నా వైపు చూడలేదు, వదిన వైపూ చూడలేదు.

"మార్చండి" అన్నాడు.