‘బా’ అన్న పిలుపు

సాయంకాలం. మునగచెట్టులో రెక్కల చప్పుడు.

ఒకటి. మళ్ళీ ఒకటి. మళ్ళీ...

ఆ తరువాత నిశ్శబ్దం. చంద్రగిరి కోటకొండ నీడ గోడ దిగి, పెరడు దాటి, కిటికీ చువ్వల దాకా వస్తుంది.

కిటికీ లోపల మంచం. మంచం మీద నా భార్య, దేవకమ్మ. దుప్పటి మీద ఆమె ఎడమచేయి.

రెండు చేతుల్లో కదిలేది అదొక్కటే. ఆ వేళ్ళతోనే ఆమె తన కోళ్ళను లెక్కపెట్టుకుంటుంది.

మొదట ఐదు వేళ్ళూ విప్పి ఉండేవి.

ఇప్పుడు మూడు.

పంతొమ్మిదివందల తొంభై ఎనిమిది, మాఘమాసం. పక్షవాతం ఆమె కుడిచేతిని తీసుకుంది. కుడికాలిని తీసుకుంది. పోతూ పోతూ మాటను కూడా తీసుకుపోయింది.

తిరుపతిలో చూసిన డాక్టరు ఒకే ఒక్క సలహా ఇచ్చారు — రోజూ మాట్లాడించండి, ఆమెకు బాగా అలవాటైన మాటలతో మొదలుపెట్టండి.

సలహాలో మొదటి సగమే నా చెవికెక్కింది.

ముప్ఫైనాలుగేళ్ళు ఇంగ్లీషు బోధించినవాణ్ణి. ప్రధానోపాధ్యాయుడిగా పదవీవిరమణ చేసినవాణ్ణి. క్రమం తప్పి బోధించడం నాకు తెలియదు. నల్లబల్ల తెప్పించి మంచానికి ఎదురుగా నిలబెట్టాను. అ... ఆ... ఇ... ఈ... ఒక్కొక్క అక్షరాన్నీ బెత్తం చివరతో చూపించాను.

పన్నెండు రోజులు.

పదమూడవ రోజు ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఇంట్లో పాఠం ఆగిపోయింది. ఇంట్లో ఉన్న మాట అదొక్కటే — అదీ ఆగిపోయింది.

ఆమె పలమనేరు వైపు పల్లెలో పుట్టింది. అక్కడ ఒకే వీధిలో మూడు భాషలు తిరుగుతాయి. పొద్దు వాలగానే పెరటి గుమ్మంలో నిలబడి కోళ్ళను పిలిచేది — ‘బా... బా... బా...’ అని. ఎక్కడెక్కడ మేస్తున్నవైనా పరుగెత్తుకు వచ్చేవి. ఒక్కొక్కదాన్నీ గంప కింద కమ్మి, పైన రాయి పెట్టి, చేతులు దులుపుకునేది.

‘అది కన్నడం, దేవకీ. తెలుగులో రా అనాలి,’ అని ఒకనాడు సరిదిద్దాను.

‘కోడికి మీ గ్రామరు ఏం తెలస్తాది? నేను పిలిస్తే వస్తాది, అంతే,’ అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఇంటికి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నప్పుడు ఆ కేక వినిపిస్తే నాకు తల వంగినట్టుండేది. ఒకసారి వాళ్ళ ఎదుటనే గట్టిగా అన్నాను కూడా — ‘ఆ మొరటు కూత ఆపు.’

ఆమె ఆపలేదు. గొంతు తగ్గించింది.

ఎంత తగ్గించినా కోళ్ళకు వినిపించేది.

పిలిచే గొంతు మంచం పట్టాక అవి గంప దగ్గరకు రావడం మానుకున్నాయి. మునగచెట్టెక్కాయి. మునగకొమ్మ పెళుసు; మనిషి ఎక్కితే విరుగుతుంది. అడవిపిల్లి ఎక్కితే విరగదు.

ఒక ఉదయం గోడవారగా ఎర్రని ఈకలు. ఆ సాయంకాలం ఆమె బొటనవేలు ముడుచుకుంది.

వారం తిరగకముందే చిటికెనవేలు.

అప్పుడు నిర్ణయించుకున్నాను — గూడు కట్టాలి. కిటికీకి ఎదురుగా, ఆమె కంటికి ఆనేటట్టు కట్టాలి.

పింఛను మందులకే చాలేది కాదు. కనుక కొనగలిగినవి మేకులు మాత్రమే. టమాటా మండీలో పారేసిన పెట్టెల చెక్కలు. నూనెడబ్బాలు విప్పి సాగగొట్టిన రేకు. కిటికీకి ఒకప్పుడు కొట్టించిన దోమతెర వల. కాళ్ళకు — విరిగిన బెంచీ కాళ్ళు.

తలుపుకు చెక్క చాలలేదు.

నల్లబల్ల ఉంది. రంపం పెట్టి కోశాను. కోస్తున్నంతసేపూ సుద్దపొడి రాలింది.

రసమట్టం పెట్టి నేల సమం చేస్తూ ఉంటే వడ్రంగి ఆదిమూలం గోడ మీదుగా చూశాడు.

‘సారూ, అంత సమంగా పెడితే నీళ్ళు యాడికి పోతాయి? రవ్వంత వాటం ఉండాల.’

‘వాటం అంటే వంకరే కదా, ఆదిమూలం.’

‘బడి కడతా ఉంటే మీ మాటే రైటు. ఇది గూడు గదా సారూ!’

నేను రసమట్టం తీయలేదు. మరునాడు వాన పడింది. గూటి నిండా నీళ్ళు, కొలిచి పోసినంత సమంగా నిలిచాయి. ఎవరూ చూడకుండా ముందుకాళ్ళ కింద నేల రెండు వేళ్ళ లోతు చెక్కాను.

గూడు కొంచెం తల వంచింది. నీరు జారిపోయింది.

పక్కింటి గంగులమ్మ కూడా వచ్చి చూసింది. రోజూ దేవకమ్మకు స్నానం చేయించి, తల దువ్వి వెళ్ళే మనిషి ఆమె.

‘తలుపుకి నల్లబల్లా! కోళ్ళకి హాజరు గూడా పిలస్తారా సారూ?’

పిలవవలసి వచ్చింది. గూడు సిద్ధమైంది, కోళ్ళు రాలేదు. గింజలు చల్లితే తిన్నాయి. చేయి చాపితే చెట్టెక్కాయి.

పెరట్లో నిలబడి గొంతు సవరించుకున్నాను. ‘రండి,’ అన్నాను.

గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ‘పెండ్లికి పిలస్తా ఉండారా సారూ? అక్క మాదిరి పిలవండి.’

‘నువ్వే పిలువు, గంగులమ్మా.’

‘నేను పిలిస్తే రావు. సూసినా గదా. ఈ ఇంటి గొంతు గావాల వాటికి.’

ఆమె వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. గోడకు అవతల ఎన్నో ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ నా దగ్గర చదువుకున్నవాళ్ళు.

అది సాకు. నాకు తెలుసు.

నేను మొరటన్న మాటను నా నోట ఆమె వింటుంది — అసలు భయం అది.

మరునాడు ఉదయం గోడవారగా నల్లని ఈకలు.

సాయంకాలానికి ఉంగరపు వేలు ముడుచుకుంది.

రెండు.

ఆమె నన్ను నిందించలేదు. నావైపు చూడనే లేదు. మునగచెట్టు వంకే చూస్తూ ఉంది... ఆ చూపు ముందు ముప్ఫైనాలుగేళ్ళ గౌరవం దేనికీ పనికిరాలేదు.

పెరట్లోకి వెళ్ళాను. నల్లబల్ల తలుపు తెరిచి పట్టుకున్నాను. కోట నీడ నా పాదాల మీదికి వచ్చింది.

‘బా.’

అవతలి ఇంట్లో రోటి చప్పుడు ఆగింది.

‘బా. బా.’

చెట్టు కదలలేదు.

తప్పు నాకే వినిపించింది. ఒక్కొక్కదాన్నీ విడదీసి, ఉక్తలేఖనం చెప్పినట్టు పలుకుతున్నాను. ఆమె అలా పిలిచేది కాదు. మొదటిది గొంతులోనే ఉండేది. రెండవది దాన్ని తోసుకుని వచ్చేది. చివరిది సాగి, సాగి, గోడ దాటి, కొండకు తగిలేది.

కళ్ళు మూసుకున్నాను.

‘బా... బ్బా... బాఽఽఽ...’

గొంతు చీలింది. అవతల ఎవరో నవ్వారు. నవ్వనీ.

మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లో తెలియదు.

రెక్కల చప్పుడు.

గోధుమరంగు పెట్ట ఒకటి నేల మీదికి దిగింది. నాలుగడుగులు వేసింది. తలుపు ముందు ఆగి, మెడ నిక్కించింది.

నావైపు కాదు. కిటికీవైపు.

పెట్టకే ముందు వినిపించింది. నాకు తరువాత వినిపించింది — చువ్వల వెనుక, కలిసిన రెండు పెదవులు విడిపోయినంత చప్పుడు. గాలో... గొంతో...

‘బ్...’

నేను వెనుదిరగలేదు. తిరిగి చూస్తే అది పరీక్ష అయిపోతుందేమో. ఆమె మళ్ళీ ముఖం గోడవైపు తిప్పుకుంటుందేమో.

తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. సుద్ద నా వేళ్ళకు అంటుకుంది.

పెట్ట కదలలేదు. నేనూ కదలలేదు. ఇద్దరమూ వింటున్నాము.

కొండ నీడ మమ్మల్ని దాటి కిటికీ దాకా వెళ్ళింది. చెట్టు మీద ఇంకా ఒకటి ఉంది.

సాయంకాలం. మునగచెట్టులో రెక్కల చప్పుడు.

ఒకటి. మళ్ళీ...