బీరువాలో సిగ్నల్

ఆ ఇంట్లో విలువైన వస్తువేదీ బయట ఉండకూడదు. టీవీకి ముసుగు, మిక్సీకి గౌను, ఇంకాస్త ఖరీదైనదైతే తిన్నగా ఇనపబీరువాలోకే. ఇది అత్తగారి చట్టం. ఎవరో బహుమతిగా ఇచ్చిన గోడగడియారాన్ని కూడా ఆవిడ బీరువాలోనే పెట్టింది. టైము కావలసినవాళ్లు తలుపు తీసి చూసుకునేవాళ్లు.

మూడంతస్తుల ఇల్లు. కింద అత్తగారు, మధ్యలో పెద్దకోడలు, పైన చిన్నకోడలు. నెట్ పెట్టె కింద హాల్లో ఉండేది. సిగ్నల్ మధ్య అంతస్తుకి ఆయాసపడుతూ వచ్చి, పై అంతస్తు మెట్లమీదే ప్రాణం విడిచేది. ఫోన్ల సిగ్నల్ ఆ వీధిలో అసలే అంతంతమాత్రం.

అలాంటి ఇంట్లో చిన్నకోడలికి కంప్యూటర్లో ఇంటర్వ్యూ వచ్చింది. ఉద్యోగం వేరే ఊళ్లో. వస్తే మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిపోతుంది. మూడంతస్తుల తుడుపూ, అత్తగారి మందులూ, నసా కలిపి పెద్దకోడలి నెత్తిన పడతాయి. పెద్దకోడలు అందరికంటే ముందు "శుభం చెల్లీ" అంది. అన్నాక వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కాస్త గట్టిగా తోమింది.

నెట్ మెకానిక్ కొత్త పెట్టె తెచ్చి, హాల్లోని పాతది తీసేశాడు. మధ్య అంతస్తుకి వైరు లాగి, "మెట్ల దగ్గర ఎత్తులో, బాహాటంగా పెట్టండమ్మా. ఇనుములో మాత్రం పెట్టకండి, సిగ్నల్ చచ్చిపోతుంది" అన్నాడు. అప్పుడు అత్తగారు కింద కుళాయిని తిడుతోంది. చిన్నకోడలు పైన తలుపులు వేస్తోంది. విన్నది పెద్దకోడలొక్కతే.

అతను గేటు దాటగానే అత్తగారిని పిలిచింది.

"అత్తయ్యా, ఇంత ఖరీదైన పెట్టె మెట్ల దగ్గరా? దుమ్ము పడదూ? నా గదిలో బీరువా ఉందిగా!"

"నీకున్న బుద్ధి నా కొడుక్కి ఉంటేనా!" అని అత్తగారు మురిసిపోయింది.

బీరువా వెనక రేకుకి తుప్పు తినేసిన కన్నం ఉండనే ఉంది. వైర్లు అందులోంచి దూరాయి. సాయంత్రం పెద్దకోడలు బీరువా తలుపు బార్లా తీసి, "ఇప్పుడు చూసుకో చెల్లీ!" అని కేకేసింది.

"సూపర్‌గా వస్తోందక్కా! నీ రుణం తీర్చుకోలేను!"

"తీర్చుకుందువుగానిలే."

మర్నాడు ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికి పెద్దకోడలు బీరువా తలుపు వేసి, తాళం తిప్పి, చెవి బొడ్లో దోపుకుంది. పైనుంచి "హలో, వినబడుతోందా సార్? సార్?" అని వినిపించింది. మొదట మర్యాదగా, తర్వాత ఏడుపుగొంతుతో. ఆమె చీర మడతపెడుతూ విన్నది. మడత చక్కగా వచ్చింది.

చిన్నకోడలు మెట్లు దూకుతూ వచ్చింది. "అక్కా, బొమ్మ ఆగిపోయింది! నీ గదిలో కూర్చోనీ!"

"అయ్యో, మీ బావగారు నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారమ్మా. లేపితే నన్ను చంపేస్తారు. ఇంకోసారి చూడు, వస్తుందేమో."

రాలేదు. వాళ్లు మళ్లీ పిలవలేదు.

భోజనాల దగ్గర చిన్నకోడలు కంచంలో వేళ్లు తిప్పుతూ కూర్చుంది. పెద్దకోడలు ఆమెకు నెయ్యి కాస్త ఎక్కువే వేసింది. అత్తగారి మనసు కరిగింది. ఆవిడ మనసు కరిగిందంటే ఎవరో ఒకరికి మూడినట్టే.

"పాపం, పిల్ల నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. మళ్లీ ఎవరైనా పిలిస్తే ఇలా కాకూడదు. పెద్దదానా, నువ్వు పై గదిలోకి మారు. పెట్టె ఉన్న గదిలో చిన్నది ఉంటుంది."

"అత్తయ్యా, పైన సిగ్నల్..."

"నీకెందుకే సిగ్నల్? నువ్వేం ఇంటర్వ్యూలకి వెళ్లాలా?"

బీరువా తలుపు తీసి ఉంచితే చాలు, పైకి కూడా వస్తుందని చెప్పొచ్చు. చెబితే, ఆ సంగతి నీకెలా తెలుసంటారు. పెద్దకోడలు తన సామాను తనే మోసుకుంది. ఆమె మోకాళ్లకి అన్ని మెట్లు కొత్త.

ఆదివారం మధ్యాహ్నం పుట్టింటికి వీడియో కాల్ చేయబోతే తెరమీద సున్నా గిరగిరా తిరిగింది. పెద్దకోడలు దిగొచ్చింది. తన పాత గదిలో చిన్నకోడలు ఫోన్ చూస్తూ కిలకిలా నవ్వుతోంది. బీరువా తలుపు ఓరగా వేసి ఉంది.

"చెల్లీ, ఆ తలుపు బార్లా తీసి ఉంచవూ? అమ్మతో మాట్లాడాలి."

చిన్నకోడలు ఫోన్ పక్కన పెట్టింది. బీరువా వైపు చూసింది. తర్వాత అక్క వైపు, చాలాసేపు.

"తలుపు తీస్తే పైకి వస్తుందా అక్కా?"



చిన్నకోడలు లేచి వెళ్లి తలుపు మూసింది. తాళం తిప్పి, చెవి బొడ్లో దోపుకుంది.

"దుమ్ము పడుతుందక్కా," అంది.